పాత కారులో ఇంజన్ లైట్ ఆరడం లేదా? కోడ్ చదవడం నుంచి అసలు లోపం పట్టుకునే దాకా

కారుకి పదేళ్లు దాటాక ఏదో ఒక రోజు డ్యాష్‌బోర్డు మీద ఆ పసుపుపచ్చ ఇంజన్ బొమ్మ వెలుగుతుంది. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే స్కానర్ పెట్టి ఆర్పేస్తాడు, వారం తిరక్కుండానే మళ్లీ వెలుగుతుంది, ఈసారి "సెన్సార్ పోయింది సార్" అంటాడు, సెన్సార్ మార్పిస్తాం, ఇంకో వారానికి మళ్లీ అదే బొమ్మ. ఇలా తిరుగుతున్నవాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. మొత్తం మీద గుర్తుంచుకోవాల్సింది ఒకటే. స్కానర్‌లో కనిపించే కోడ్ ఎక్కడ వెతకాలో చెబుతుంది, ఏ పార్టు మార్చాలో మాత్రం చెప్పదు. ఆ వెతకడం మనమో మెకానికో చెయ్యాలి, అదీ పైసా ఖర్చు లేనివి ముందు, ఖరీదైనవి చివర అనే వరసలో.

నేను ఎక్కువగా చెప్పేది 2010-2018 మధ్య వచ్చిన పెట్రోల్ చిన్నకార్ల గురించి. స్విఫ్ట్, వ్యాగనార్, ఐ10 లాంటివి. డీజిల్ వాళ్లకి మధ్యలో కాస్త చోటిచ్చాను.

ముందు అది ఏ లైటో చూడండి

ఎర్రగా నూనె డబ్బా బొమ్మ వెలిగినా, ఎర్రగా టెంపరేచర్ బొమ్మ వెలిగినా ఈ వ్యాసం చదవడం ఆపి బండి పక్కకి తీసి ఇంజన్ ఆపండి. వాటితో ఇంకో రెండు కిలోమీటర్లు పోదాంలే అనుకుంటే ఇంజన్ బోరుకి వస్తుంది, అంటే మొత్తం విప్పి బాగుచేయించాల్సి వస్తుంది. మనం మాట్లాడుకునేది పసుపుపచ్చ ఇంజన్ లైట్ గురించి.

అది నిలకడగా వెలుగుతూ, బండి మామూలుగా నడుస్తుంటే కంగారు అక్కర్లేదు, రెండు మూడు రోజుల్లో చూసుకోవచ్చు. అదే లైట్ మిణుకు మిణుకుమంటూ ఉండి, బండి వణుకుతూ, పికప్ లేకుండా ఉంటే మాత్రం తీవ్రమైన మిస్సింగ్ ఉన్నట్టు, అంటే ఏదో సిలిండర్‌లో పెట్రోల్ సరిగ్గా మండడం లేదు. కాలని పెట్రోల్ నేరుగా సైలెన్సర్ దారిలో ఉండి పొగని శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి అక్కడ మండుతుంది, దాన్ని కరిగించేస్తుంది. ఒక ప్లగ్గుతో పోయే ఖర్చు వేలల్లోకి ఎక్కేది ఇక్కడే. యాక్సిలరేటర్ తగ్గించి, మెల్లగా దగ్గర్లోని చోటికి చేర్చండి, లేదా టోయింగ్ పిలవండి.

ఇంకొకటి, ఇది సెకండ్‌హ్యాండ్ కారు కొనేవాళ్లకి మరీ ముఖ్యం. తాళం ఆన్ చేసి, సెల్ఫ్ కొట్టకుండా చూడండి. ఇంజన్ బొమ్మ వెలగాలి, స్టార్ట్ అయ్యాక ఆరాలి. ఆన్ చేసినప్పుడు అసలు వెలగడమే లేదంటే ఎవరో బల్బు పీకేశారనో, వైరు కట్ చేశారనో అనుమానించాలి. లైట్ వెలగని పాత కారు కంటే వెలుగుతున్న పాత కారే నయం అని నా అభిప్రాయం. కనీసం అది దాచిపెట్టడం లేదు.

స్కానర్‌కి ముందు కళ్లు

లైట్ వెలగడానికి ముందు ఏం జరిగిందో గుర్తుచేసుకోండి. కొత్త బంకులో పెట్రోల్ కొట్టించారా? వాటర్ సర్వీసింగ్‌లో ఇంజన్ మీద ప్రెషర్‌తో నీళ్లు కొట్టారా? పెద్ద వానలో నీళ్లలోంచి వెళ్లారా? బ్యాటరీ మార్చారా, రిమోట్ లాకో హారనో కొత్త లైట్లో పెట్టించారా? ఎయిర్ ఫిల్టర్ మార్చినవాళ్లు ఒక పైపు సరిగ్గా బిగించకుండా వదిలెయ్యడం ఎంత మామూలో చెప్పలేను. పని జరిగిన రోజో మర్నాడో లైట్ వచ్చిందంటే ముందు ఆ పని జరిగిన చోటే చూడాలి.

తర్వాత బానెట్ ఎత్తండి. అపార్ట్‌మెంట్ సెల్లార్లో ఉండే బండి అయితే ఎలుకల పని కోసం చూడండి. వైర్ల మీద కొరికిన గుర్తులు, బ్యాటరీ కింద చెత్త, పెంటికలు. ఒక్కసారే నాలుగైదు వేర్వేరు సెన్సార్ల కోడ్‌లు వచ్చాయంటే అన్ని సెన్సార్లూ ఒకే రాత్రి చావవు కదా. చాలా సెన్సార్లకి ఒకే 5 వోల్టుల సరఫరా, ఒకే ఎర్త్ ఉంటాయి, వాటిలో ఒకటి తెగినా షార్ట్ అయినా అందరూ కలిసి ఏడుస్తారు.

బ్యాటరీ టెర్మినళ్ల మీద తెల్లగా, పచ్చగా పూత కడితే వేడినీళ్లు పోసి, గీకి, ఆరాక బిగించండి. బ్యాటరీ నుంచి బాడీకి, బాడీ నుంచి ఇంజన్‌కి వెళ్లే ఎర్త్ వైర్లు కూడా. రెండు మూడు వందల మల్టీమీటర్ ఒకటి ఇంట్లో పెట్టుకోండి. రాత్రంతా నిలబడ్డ బండిలో పొద్దున్నే 12.4 నుంచి 12.6 వోల్టులు చూపాలి, ఇంజన్ నడుస్తుంటే సుమారు 13.8 నుంచి 14.5. సెల్ఫ్ కొట్టే క్షణంలో 9.6 కంటే కిందికి జారిపోతుంటే బ్యాటరీ ముసలిదైంది, దానివల్ల వచ్చే వింత కోడ్‌లని వెంటాడి లాభం లేదు. ముందు బ్యాటరీ సంగతి చూడండి, తర్వాతే మిగతావి.

కోడ్ చదవండి, చెరపకండి

స్టీరింగ్ కింద, మోకాళ్ల దగ్గర 16 పిన్నుల సాకెట్ ఒకటి ఉంటుంది, అదే ఓబీడీ పోర్టు. ఓబీడీ అంటే బండి తన లోపాలని తనే కనిపెట్టి రాసిపెట్టుకునే ఏర్పాటు. మన దేశంలో బీఎస్-4 (పొగ కాలుష్యానికి పెట్టిన ప్రమాణం) కార్లకి 2010 ఏప్రిల్ నుంచి ఓబీడీ-1, 2013 ఏప్రిల్ నుంచి ఓబీడీ-2 వచ్చాయి. తేడా ఏంటంటే మొదటిది ముఖ్యంగా సెన్సార్ల వైరింగ్ తెగిందా లేదా చూస్తుంది, రెండోది మిస్సింగ్, కన్వర్టర్ పనితనం లాంటివి కూడా గమనిస్తుంది. 2010కి ముందు కార్లలో కొన్నింటికి సాకెట్ ఉన్నా మామూలు యాప్‌తో మాట్లాడవు, కంపెనీ స్కానరో, దాని భాష తెలిసిన మంచి స్కానరో కావాలి.

బ్లూటూత్ అడాప్టర్లు ఆన్‌లైన్‌లో వెయ్యి రూపాయల లోపు కూడా దొరుకుతాయి. ఈఎల్ఎం 327 అని రాసి ఉంటుంది. మరీ చౌక నకిలీలు పాత కార్లు స్కానర్‌తో మాట్లాడటానికి వాడే కే-లైన్ పద్ధతి దగ్గర చేతులెత్తేస్తాయి, అందుకని మీ మోడల్‌తో పనిచేసిందని ఎవరో ఒకరు రివ్యూ రాసినది కొనండి. ఆండ్రాయిడ్ ఫోన్లో టార్క్, కార్ స్కానర్ లాంటి యాప్‌లు సరిపోతాయి. ఐఫోన్ అయితే వైఫై రకమో, బ్లూటూత్ లో ఎనర్జీ రకమో తీసుకోవాలి, మామూలు బ్లూటూత్‌ది కలవదు.

కోడ్ కనబడగానే చెరిపేయాలని వేలు లాగుతుంది. ఆగండి. కోడ్ ఫొటో తీసుకోండి, పెండింగ్ కోడ్‌లు (లోపం కనబడినా ఇంకా లైట్ వెలిగించనివి) అని ఇంకో పేజీ ఉంటుంది అదీ తీసుకోండి, ఆ తర్వాత ఫ్రీజ్ ఫ్రేమ్ అనేది తెరవండి. లోపం పట్టుబడిన క్షణంలో ఇంజన్ ఎంత వేడి మీద ఉంది, ఆర్‌పీఎం ఎంత, స్పీడ్ ఎంత, లోడ్ ఎంత అన్నది అందులో రాసిపెట్టి ఉంటుంది. పొద్దున్నే చల్లటి ఇంజన్ మీద వచ్చిన లోపానికీ, హైవే మీద 90లో వచ్చిన లోపానికీ వెతికే దారులు వేరు. మెకానిక్ ఆర్పేస్తే పోయేది ఈ సమాచారమే. బ్యాటరీ వైరు పీకినా చాలా కార్లలో అదే జరుగుతుంది.

కోడ్‌లో ఏముందంటే

పి0301 అనుకోండి. పి అంటే ఇంజన్, గేర్‌బాక్స్ విభాగం. దాని పక్కన 0 ఉంటే అన్ని కంపెనీలకీ ఒకే అర్థం, 1 ఉంటే ఆ కంపెనీ సొంతం, కాబట్టి మోడల్ పేరుతో కలిపి వెతకాలి. తర్వాతి అంకె విభాగం: 1, 2 అయితే గాలి-పెట్రోల్, 3 అయితే మిస్సింగ్, 4 అయితే పొగ శుద్ధి, 5 అయితే స్పీడ్, ఐడ్లింగ్. ఇక మన రోడ్ల మీద ఎక్కువగా ఎదురయ్యేవి చూద్దాం.

పి0300 నుంచి పి0304: మిస్సింగ్. చివరి అంకె సిలిండర్ నంబరు, 0 అయితే అక్కడక్కడా అన్నిట్లోనూ. ప్రతి సిలిండర్‌కి విడి కాయిల్ (ప్లగ్గుకి స్పార్క్ కోసం కరెంటిచ్చేది) ఉన్న ఇంజన్ అయితే ఇంత హాయైన కోడ్ ఇంకోటి లేదు, ఎందుకంటే రూపాయి పెట్టకుండా తేల్చొచ్చు. ఇంజన్ ఆపి, చల్లారాక, రెండో సిలిండర్ కాయిల్ తీసి మూడో దాంట్లో, మూడోది రెండో దాంట్లో పెట్టండి. కోడ్ చెరిపి నడపండి. పి0302 కాస్తా పి0303 అయితే కాయిల్ దొంగ దొరికినట్టే. కోడ్ అక్కడే ఉంటే ప్లగ్గులు అలాగే మార్చి చూడండి, ఆ తర్వాత ఇంజెక్టర్ (పెట్రోల్ చిమ్మేది). అప్పటికీ కదలకపోతే కంప్రెషన్ చెక్ చేయించాలి, అది మెకానిక్ పని. కాయిల్ తీసినప్పుడు ఆ గుంతలో నూనె ఉందా చూడండి. ఉంటే ఇంజన్ పైమూత (టాపెట్ కవర్) ప్యాకింగ్ పోయింది, అది మార్చకుండా కొత్త కాయిల్ పెడితే అదీ నూనెలో నానుతుంది. నీళ్లు ఉంటే వాటర్ సర్వీసింగ్ వాళ్ల పుణ్యం, గాలి కొట్టి ఆరబెడితే చాలాసార్లు అక్కడితో అయిపోతుంది. మామూలు నికెల్ ప్లగ్గులు సుమారు 40 వేల కిలోమీటర్లకి మార్చేయాలి. ఎల్‌పీజీ, సీఎన్‌జీ పెట్టించిన బండి గ్యాస్ మీద మిస్ కొడుతూ పెట్రోల్ మీద బాగుంటే ముందు ప్లగ్గుల్నీ కాయిల్స్‌నీ అనుమానించండి, గ్యాస్ అంటుకోవడానికి స్పార్క్ గట్టిగా కావాలి. గ్యాస్ మీద చాలా తిరిగిన ఇంజన్‌లో వాల్వ్ క్లియరెన్స్ కూడా చూపించాలి.

పి0171: గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ. యాప్‌లో లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ అని ఒక శాతం కనబడుతుంది. ప్లస్ 10, మైనస్ 10 లోపల ఉంటే ఫర్వాలేదు. ప్లస్ 20 దాటి కూర్చుందంటే ఇంజన్‌ని నడిపే కంప్యూటర్ తన లెక్క కంటే అంత ఎక్కువ పెట్రోల్ పోస్తే తప్ప బండి నడవడం లేదని అర్థం. ఐడ్లింగ్‌లో ఎక్కువగా ఉండి, 2500 ఆర్‌పీఎం దగ్గర తగ్గితే ఎక్కడో గాలి లీకు. పగిలిన రబ్బరు గొట్టాలు చూడండి. స్పీడు పెంచేకొద్దీ పెరిగితే పెట్రోల్ పంపో, ఫిల్టరో బలహీనం. ఎప్పుడూ రిజర్వులోనే బండి నడిపే అలవాటు పంపుకి మంచిది కాదు, అది చల్లబడేది ట్యాంకులోని పెట్రోల్‌తోనే. ఇక్కడ ఒక మెలిక ఉంది. అమెరికా వీడియోల్లో చెప్పే ఈ లెక్క గాలిని కొలిచే మాఫ్ సెన్సార్ ఉన్న కార్లది. మన చిన్న పెట్రోల్ కార్లు చాలావరకు మ్యాప్ సెన్సార్‌తో, అంటే ప్రెషర్ కొలిచి నడుస్తాయి. వాటిలో గాలి లీకైతే ట్రిమ్ పెద్దగా కదలకుండా ఐడ్లింగే పెరిగిపోవచ్చు. కాబట్టి ట్రిమ్ బాగుంది కదా అని లీకు లేదనుకోకండి.

ఈ20 పెట్రోల్, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ మాట కూడా ఇక్కడే చెప్పాలి. పెట్రోల్ పూర్తిగా కాలడానికి దాని బరువుకి 14.7 రెట్లు గాలి కావాలి, ఇథనాల్‌కి 9 రెట్లు చాలు. ఇథనాల్ పాలు పెరిగేకొద్దీ కంప్యూటర్ కొంచెం ఎక్కువ ఇంధనం పోయాల్సిందే, కాబట్టి పాత కార్లో ట్రిమ్ కొన్ని పాయింట్లు ప్లస్ వైపు జరగడం సహజం. అప్పటికే గొట్టం చిరిగి ప్లస్ 15 దగ్గర ఉన్న బండికి ఆ కాస్తే చాలు లైట్ వెలగడానికి. తప్పంతా పెట్రోల్‌ది అనుకుని వదిలేస్తే చిరుగు అలాగే ఉంటుంది. నెలల తరబడి నిలబెట్టే బండిలో ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది, అది వేరే తలనొప్పి.

పి0135, పి0141: ఆక్సిజన్ సెన్సార్ (పొగలో మిగిలిన ఆక్సిజన్‌ని కొలిచేది) లోపలి హీటర్ సర్క్యూట్. సెన్సార్ కొనడానికి ముందు ఫ్యూజు చూడండి, తర్వాత కనెక్టర్ విప్పి, ఒకే రంగులో ఉండే రెండు వైర్ల మధ్య ఓమ్‌లు కొలవండి, సాధారణంగా హీటర్ వైర్లు అవే. కొద్ది ఓమ్‌లు చూపిస్తే హీటర్ బతికే ఉంది, వైరింగ్ వెతకాలి. ఏమీ చూపకపోతే సెన్సార్ పోయింది. అది సైలెన్సర్ వేడికి బిగుసుకుపోయి ఉంటుంది కాబట్టి కాస్త వెచ్చగా ఉన్నప్పుడు, తుప్పు వదిలించే స్ప్రే కొట్టి, దానికోసమే ఉండే సాకెట్‌తో తీయించండి, లేకపోతే మరలు పాడవుతాయి.

పి0113, పి0118: మే నెల విజయవాడలో బయట గాలి మైనస్ 40 డిగ్రీలని యాప్ చూపిస్తే నవ్వుకుని వైరు వెతకండి. మైనస్ 40 అంటే దాదాపు ఎప్పుడూ టెంపరేచర్ సెన్సార్ సర్క్యూట్ తెగిందనే. ఈ సెన్సార్లని పరీక్షించడం తేలిక: రాత్రంతా ఆపిన బండిని పొద్దున్నే స్టార్ట్ చెయ్యకుండా యాప్ తెరిస్తే కూలెంట్ వేడి, గాలి వేడి రెండూ ఇంచుమించు ఒకటే ఉండాలి.

పి0128: ఇంజన్ ఎంతసేపటికీ తగినంత వేడెక్కడం లేదు. మన దగ్గర దీనికి ఒక సొంత కారణం ఉంది. ఎప్పుడో ఓవర్‌హీట్ అయినప్పుడు "ఇది మన ఎండలకి అక్కర్లేదు సార్" అని ఎవరో థర్మోస్టాట్ వాల్వ్ (ఇంజన్ వేడెక్కేదాకా కూలెంట్‌ని రేడియేటర్‌కి పోనివ్వనిది) తీసి పారేసి ఉంటారు. అప్పట్నుంచీ ఇంజన్ చల్లగానే ఉందని కంప్యూటర్ పెట్రోల్ ఎక్కువ పోస్తూ ఉంటుంది, మైలేజీ పోతుంది. కొత్త థర్మోస్టాట్ ఏమంత ఖరీదు కాదు, పెట్టించేయండి. అది ఉన్నా ఓవర్‌హీట్ అవుతుంటే రేడియేటర్, ఫ్యాన్ చూడాలి.

పి0335: క్రాంక్ సెన్సార్, ఇంజన్ తిరగడాన్ని కంప్యూటర్‌కి చెప్పేది. ట్రాఫిక్‌లో వేడెక్కాక టక్కున ఆగిపోయి, అరగంట చల్లారాక ఏమీ ఎరగనట్టు స్టార్టయ్యే బండికి ముందు అనుమానించాల్సింది దీన్నే. ఇది వాయిదా వేసే రకం కాదు, ఫ్లైఓవర్ మీద ఆగిపోతే ప్రాణం మీదికి వస్తుంది.

పి0420: క్యాటలిటిక్ కన్వర్టర్ సరిగ్గా పనిచెయ్యడం లేదు. కన్వర్టర్ ఖరీదు వినగానే టెన్షన్ వస్తుంది. ముందు మిస్సింగ్ కోడ్‌లు ఏవైనా ఉంటే అవి సరిచేయండి, సైలెన్సర్ పైపు లీకులు చూపించండి. యాప్‌లో రెండు ఆక్సిజన్ సెన్సార్ల గ్రాఫులు పక్కపక్కన పెట్టుకోండి. ఇంజన్ బాగా వేడెక్కాక ముందుది సుమారు 0.1, 0.9 వోల్టుల మధ్య గబగబా ఎగిరిపడుతుంటే, వెనకది 0.6, 0.7 దగ్గర నిలకడగా ఉండాలి. వెనకది కూడా ముందుదాన్ని అచ్చం అనుకరిస్తుంటే కన్వర్టర్ పోయినట్టే. అది పీకేసి ఖాళీ పైపు పెట్టిస్తామనేవాళ్లు, సెన్సార్‌ని మోసం చేసే ముక్క పెడతామనేవాళ్లు కనబడతారు. ఒప్పుకోవద్దు, పొల్యూషన్ సర్టిఫికెట్ పరీక్షలోనే దొరికిపోవచ్చు, ఆ పొగ పీల్చేది కూడా మన వీధివాళ్లే.

డీజిల్ బండి అయితే పి0401 ఎక్కువ. పొగలో కొంత తిరిగి ఇంజన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వ్ మసి పట్టి బిగుసుకుంటుంది, సిటీలో చిన్న చిన్న దూరాలు తిరిగే బండ్లకి మరీను. విప్పి శుభ్రం చేయిస్తే చాలాసార్లు సరిపోతుంది. పి0299 (టర్బో ప్రెషర్ తక్కువ) అయితే టర్బో పోయిందని ఎవరైనా అంటే నమ్మేముందు టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కి, అక్కణ్నుంచి ఇంజన్‌కి వెళ్లే గొట్టాల మీద నూనె మరకలు, చీలికలు వెతకండి.

సరిచేశాక

ఇప్పుడు చెరపండి. చెరిపి, ఫ్రీజ్ ఫ్రేమ్‌లో ఉన్నలాంటి పరిస్థితిలోనే నడపండి. చల్లటి ఇంజన్ మీద వచ్చిందైతే పొద్దున్నే, హైవే మీద వచ్చిందైతే ఓఆర్ఆర్ మీదో బైపాస్ మీదో. చాలా లోపాలకి వరసగా రెండు ప్రయాణాల్లో కనబడితేనే లైట్ వెలుగుతుంది కాబట్టి మొదటి రోజు వెలగలేదని సంబరపడకండి, పెండింగ్ కోడ్‌ల పేజీ చూడండి, తిరిగి వచ్చేదుంటే ముందు అక్కడ కనబడుతుంది. చెరపకపోయినా లోపం నిజంగా పోతే వరసగా మూడు మంచి ప్రయాణాల తర్వాత లైట్ దానంతటదే ఆరుతుంది, కోడ్ మాత్రం 40 సార్లు ఇంజన్ వేడెక్కేదాకా లోపల ఉండిపోతుంది. కాబట్టి లైట్ లేకపోయినా పాత కోడ్ కనబడితే భయపడక్కర్లేదు.

వానలో మాత్రమే, ఏసీ వేస్తే మాత్రమే, గతుకుల్లో మాత్రమే వచ్చే లైట్లు అసలైన తలనొప్పి. వీటికి ఇంజన్ ఐడ్లింగ్‌లో పెట్టి, కోడ్ చెప్పిన సెన్సార్ వైర్లని ఒక్కొక్కటిగా మెల్లగా కదపండి. ఫ్యాన్‌కీ బెల్టుకీ చెయ్యి, చున్నీ దూరం. యాప్‌లో ఆ సెన్సార్ అంకె గెంతిందా, దొరికింది. కనెక్టర్ విప్పితే పిన్నుల మీద పచ్చగా తుప్పు కనబడుతుంది, కాంటాక్ట్ క్లీనర్ కొడితే వదులుతుంది. ఇలాంటి పనికి ఇంజన్ మెకానిక్ కంటే మంచి ఆటో ఎలక్ట్రీషియన్ నయం.

అమెరికాలో పాత కరోలా, అకార్డ్ కొనుక్కుని నడుపుతున్న మన విద్యార్థులకి రెండు మాటలు. అక్కడ లైట్ వస్తే ముందు పెట్రోల్ ట్యాంకు మూత గట్టిగా బిగించండి, పి0455, పి0457 లాంటివి ఆవిరి లీకు కోడ్‌లు. ఆ లీకు పరీక్ష అక్కడి కార్లలో ఉంటుంది, మన ఇండియా పాత కార్లలో సాధారణంగా ఉండదు, అందుకే ఇక్కడ మూత బిగిస్తే లైట్ ఆరుతుందని ఆశపడొద్దు. 1996 నుంచి అక్కడి కార్లన్నిటికీ ఓబీడీ-2 ఉంది, ఆటోజోన్ లాంటి దుకాణాల్లో కోడ్ ఉచితంగా చదివిపెడతారు. ఎమిషన్ టెస్టుకి వెళ్లే పొద్దున కోడ్ చెరిపేసి వెళ్తే మాత్రం మానిటర్లు రెడీగా లేవని, అంటే బండి తన పరీక్షలు తను ఇంకా పూర్తి చేసుకోలేదని వెనక్కి పంపేస్తారు.

పార్టులు, గ్యారేజీ

సెన్సార్లు, కాయిల్స్, ప్లగ్గుల విషయంలో పాత పార్టు మీద ఉన్న నంబరు ఫొటో తీసుకుని, అదే నంబరు అడగండి. డెన్సో, బాష్, ఎన్‌జీకే లాంటి వాళ్లే చాలా కంపెనీలకి అసలు పార్టులు చేసిస్తారు కాబట్టి వాళ్ల పెట్టెలో కొంటే కాస్త తక్కువకి రావచ్చు. కానీ ఆ పేర్ల మీద నకిలీలు కూడా తిరుగుతుంటాయి, సగం ధరకి దొరికిందంటే ఎందుకు దొరికిందో ఆలోచించండి. సెన్సార్ల లాంటి వాటికి విజయవాడ ఆటోనగర్లోనో సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో తిరిగి సెకండ్‌హ్యాండ్‌వి కొనడం నాకు ఇష్టం ఉండదు, అదే డోరు, అద్దం అయితే నిక్షేపంగా కొనొచ్చు.

గ్యారేజీలో "చెక్ లైట్ వస్తోంది చూడు బాబూ" అని వదిలేసి రాకండి. కోడ్ ఇదీ, ఫ్రీజ్ ఫ్రేమ్ ఇదీ, నేను చూసినవి ఇవీ అని ఫొటోలు చూపించండి. ఏ పార్టు మార్చాలన్నా అది పోయిందని ఎలా తేలిందో అడగండి, మంచి మెకానిక్ అయితే కోపం తెచ్చుకోడు, మీటర్ పెట్టి చూపిస్తాడు. మార్చిన పాత పార్టు అడిగి డిక్కీలో వేసుకుని రండి. లైట్ మళ్లీ వెలిగితే ఆ పాతది తిరిగి బిగించి నడిపి చూడొచ్చు, కోడ్ మారకపోతే డబ్బు తప్పు చోట పెట్టారని అక్కడే తెలిసిపోతుంది.